నత్తమ్మ పదహారో ఫైలు

నత్తమ్మ పదహారో ఫైలు తెరిచి, నంబరు నొక్కి, రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

మంచం పట్టినవాళ్ళ ఇంటికి నర్సును పంపాలో వద్దో ఆ ఆఫీసులో ఏఐ యంత్రం తేలుస్తుంది. అది వద్దన్న ప్రతి ఫైలునూ ఒక మనిషి చూసి తీరాలని చట్టం. సాయంత్రం అయిదులోగా ఎవరూ అడ్డు చెప్పకపోతే నర్సు రావడం ఆగిపోతుంది. మిగతా గుమాస్తాలు రోజుకు రెండు వందల ఫైళ్ళను కళ్ళు మూసుకుని దాటించేవారు. ఈమెకు ముప్ఫై అయితే గొప్ప. ప్రతి ఇంటికీ ఫోన్ చేసి, వాళ్ళ మాట కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే కంప్యూటర్లో ఎక్కించేది. అందుకే సూపర్నెంటు ఆమెకు నత్తమ్మ అని పేరు పెట్టాడు.

పొట్టి మనిషి. చూపుడువేలికి వదలని సిరా మరక. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క ప్రమోషనూ లేదు. అయినా లక్షలమంది బతుకులను రెప్పపాటులో తేల్చేసే యంత్రం, ఈమె ఒక్కతె ఆగమంటే ఆగేది. తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

పదహారో ఫైలు నడుం విరిగిన ఒక తాపీమేస్త్రీది. ఏడు నెలలుగా ఆస్పత్రి గడప తొక్కలేదు కాబట్టి కోలుకున్నాడని యంత్రం రాసింది. ఫోనెత్తిన అతని భార్యను ఆమె ఒక్కటే అడిగింది.

“ఆస్పత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదక్కా?”

“మాది నాలుగో అంతస్తమ్మా. లిఫ్టు పాడైంది. ఆయన్ని మోసుకుని దించేదెవరు?”

నర్సు వచ్చి ఒత్తిగిలించకపోతే వీపంతా పుళ్ళు పడతాయని కూడా చెప్పింది. నత్తమ్మ తొందరపెట్టకుండా అంతా విని, రాసుకుని, ఫోన్ పెట్టేసింది. కాసేపు కుర్చీలో వెనక్కి వాలింది. కునుకు తీస్తోందని పక్కసీటాయన నవ్వాడు. సూపర్నెంటు వచ్చి భుజం తట్టేసరికి ఊపిరి లేదు.

ఆమెను తీసుకెళ్ళాక సూపర్నెంటు ఆ బల్ల దగ్గరే నిలబడిపోయాడు. అయిదుకు ఇంకా ఆరు నిమిషాలున్నాయి. మేస్త్రీ ఫైలు తెరమీద అలాగే ఉంది. ఆమె కుర్చీలో కూర్చోవడానికి మనసొప్పక, నిలబడే, ఆమె రాసిన ప్రతి మాటా ఎక్కించి, అడ్డు చెప్పాడు. యంత్రం ఆగింది. అంత పెద్దది ఇంత చిన్న మాటకు ఆగడం అతను మొదటిసారి చూశాడు. గదిలోని గుమాస్తాలవైపు తిరిగాడు.

“ఇవాళ్టి ఫైళ్ళన్నిటికీ అడ్డు చెప్పండి. రేపు ఒక్కో ఇంటినీ అడిగి చూద్దాం.”

అందరూ వెళ్ళిపోయారు. బల్లమీద ఆమె కాగితం ఉండిపోయింది. దాని అడుగున చిన్న అక్షరాలతో, ‘రేపు మళ్ళీ ఫోన్ చేస్తానని అక్కకు చెప్పాను’ అని ఉంది.