డోలు ఆగిన పూట

తేసిక్ ఎడమ అరచేత్తో డోలు తోలును నిమిరి, కుడిచేతి కర్రను చెక్క అంచుకు ఆనించాడు. ఎదురుగా తల్లి బున్రే ఒక పాదం పాడుతోంది. అదే పాదాన్ని తన కూతురు అరం తిరిగి పాడుతోంది. పగలు ఊళ్లో నీటి మీటర్లు చదివే తేసిక్ ఇరవై ఆరేళ్లుగా ప్రతి ఉదయం చేసే పని ఇదే: దెబ్బ వేయడం, పాదం ముగియగానే "భళా" అనడం. ఆ ఇంట్లో అతని మాట అంతవరకే చెల్లేది.

అరం గొంతు చీలింది. దగ్గితే చేతిరుమాలు మీద ఎర్రటి చుక్క పడింది.

"పడిందా," అంది బున్రే, వెలిగిపోతున్న ముఖంతో. "ఇక గొంతు తెరుచుకుంటుందే తల్లీ. ఎల్లుండి కొండకు పోదాం. వంద రోజులు సాధన."

నెత్తురు కక్కితేనే గాత్రం పండుతుందని ఆ కొండవాలు ఊళ్ల గాయకుల నమ్మకం. పండినవాళ్ల పేర్లు అందరికీ గుర్తే. ఎండిపోయినవాళ్లు ఎందరో ఎవరూ లెక్కపెట్టలేదు. తేసిక్ అక్క మాల్సున్ అలా ఎండిపోయిన మనిషి. పందొమ్మిదో ఏట గొంతు పోతే, "పట్టుదల లేనిదానివి" అంది తల్లి. ఆమె ఇల్లు విడిచి, వాండో దీవిలో సముద్రపు నాచు ఆరబెట్టుకు బతుకుతోంది. ముప్ఫై ఏళ్లుగా తల్లీకూతుళ్లకు మాటల్లేవు.

"ఊఁ, కొట్టు," అంది బున్రే.

తేసిక్ కర్ర కింద పెట్టాడు. డోలు లేనిదే ఆ పాట నడవదు.

"ఏరా, చెయ్యి పడిపోయిందా?"

"నిన్న దీన్ని డాక్టరుకు చూపించానమ్మా. చేతులకు కాసినట్టే గొంతులో కాయలు కాశాయట. రెండు నెలలు నోరు మెదపకుండా ఉంటే అవే తగ్గుతాయి. కొండెక్కితే ఉన్న గొంతూ పోతుంది. అక్కకు పోయినట్టే."

"నన్నడక్కుండా చూపించావా?"

"అడిగితే వద్దంటావుగా."

"అయితే మాల్సున్‌ది పట్టుదల లేక కాదన్నమాట," అంది బున్రే, గోడతో చెబుతున్నట్టు.

"కాదమ్మా. అక్క సంగతీ డాక్టరును అడిగాను, కాయలే అన్నాడు."

ముసలామె మూట దించుకున్నదానిలా గోడకు చేరబడింది. "పిల్ల ఇక్కడుంటే నేను పాడించకుండా ఊరుకోలేను. మీ అక్క దగ్గరికి పంపు. దాన్నీ గొంతు ఒకసారి డాక్టరుకు చూపించుకోమను."

ఫోనులో మాల్సున్ బొంగురు గొంతుతో "పంపు" అని మాత్రమే అంది. పెట్టేసే ముందు, "అమ్మ తిన్నదా?" అంది.

మధ్యాహ్నం బస్సులో కిటికీ పక్కన కూర్చున్న అరం, మాట్లాడకూడదు గనుక, తండ్రికి చెయ్యి ఊపి నవ్వింది.

సాయంత్రం మీటర్ల పని ముగించి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం తేసిక్‌కు హాయిగా తోచింది. గడప ముందరి రాతిమెట్టు మీద, కొండ కోసం బున్రే మనవరాలికి ముందే కొని ఉంచిన కొత్త బూట్లు, తాళ్లు ఎక్కించకుండా, వేళ్ల దగ్గర కుక్కిన కాగితపు ఉండలతో అలాగే ఉన్నాయి.