పక్క సీటు లేని కారు

"రమ్మని పిలిచిన పెద్దమనిషి ఎక్కడ కూర్చోవాలో కూడా చెప్పాలి గదా?" అని నడుం మీద చెయ్యి పెట్టుకుని అడుగుతోంది సుగుణమ్మ, చనిపోయి నాలుగు నెలలైన మొగుణ్ణి. రేసు కారుకి ఒకటే సీటు, పక్కన ఈగ కూర్చునేదానికి కూడా చోటు లేదు. దశరథరామిరెడ్డి టైరు మీద కూర్చుని, తెల్లచొక్కా చేతులు పైకి మడుచుకుని, ఎప్పటి నవ్వే నవ్వుతున్నాడు. అది మద్రాసు దగ్గర కార్ల రేసులు జరిగే షోలవరం రన్‌వేనే, కానీ కాళ్ల కింద నేలంతా గూడూరులోని వాళ్ల అభ్రకం గనిలాగా తళతళమంటోంది, ఆ కొసన వాళ్ల హాల్లో సోఫా, సోఫా వెనక మళ్లీ రోడ్డు, ఇదంతా ఎట్టా కుదిరిందబ్బా అన్న అనుమానమే ఆమెకి రావడం లేదు.

"గనిలో తవ్విందంతా ఈ కార్లకే తగలేశారు. దేనికి? ఎప్పుడూ వెనకొచ్చేదానికేనా?"

"ఒకసారి ఆరోవాణ్ణిగా వచ్చినా."

"పరిగెత్తిందే ఆరుగురు!"

"అసలు నా కొంప ముంచింది నీ నిమ్మకాయలే" అంటాడాయన, తీరిగ్గా. "టైర్ల కింద పెట్టి తొక్కించమని ప్రతిసారీ పంపిస్తివి. ఆ రసానికి మొదటి మలుపులోనే కారు బొంగరం తిరిగింది."

"అయ్యో! మరి ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్తే పంపడం మానేస్తావు. మానేసి, ఇంట్లో ఒక్కదానివే కూర్చుని ఏడుస్తావు. దానికంటే కారు తిరిగితే తిరగనీ అనుకున్నా."

ఆ మాటకి సుగుణమ్మ గుండె కరిగి నీరైపోతుంది. ఈ మనిషి మీద తనకింత ప్రేమ ఉందని ఆయన బతికుండగా ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పానా అనుకుంటుంది, చెప్పబోతుంది, ఈలోగా సోఫా వరండాలోకి జరిగిపోతుంది, అక్కడ బూట్లు వరసగా విడిచి ఉన్నాయి.

"మస్తాన్ వాళ్లు వచ్చి కూర్చోనుండారండీ" అంటుంది. మస్తాన్ ఆయన టీములో పెద్ద డ్రైవరు. "మీ టీము ఉంచుతానో మూసేస్తానో ఈ సాయంత్రం చెప్పాలి. మూసేద్దామనుకుంటుండా. మీరంటే మంచం మీద, గుండెపోటుతో పోయారు. ఆ పిల్లల్లో ఎవడికైనా కారులో ఏమన్నా అయితే వాళ్ల అమ్మకి నేనేం చెప్పేది?"

ఆయన టైరు సందుల్లో ఇరుక్కున్న గడ్డిపరకలు ఒక్కోటీ పీకుతున్నాడు.

"నాకు వేగం రాలేదు సుగుణా. యాభై దాటినాక, ఒకరోజు నా కారు మస్తాన్‌కిచ్చి, ట్రాకు గోడ పక్కన నిలబడ్డా. నేను తోలిన కారే, నా ముందర నుంచే, నాకెప్పుడూ చేతకానంత జోరుగా పోయింది. ఎగిరి గంతేసినా. ఇంటికొచ్చి నీకు చెప్దామంటే సిగ్గేసింది."

"సిగ్గెందుకు?"

"తనకంటే ఇంకొకడు బాగా తోలాడని పొంగిపోయే మొగుణ్ణి చూసి నవ్వుతావేమోనని."

"భయం వెయ్యలేదా, వాడేమైపోతాడోనని?"

"వెయ్యకేం! వాడు తిరిగొచ్చిందాకా ఊపిరాడలేదు. అందుకే గదా ఒక్క రేసుకైనా పోకుండా ఉండలేకపోయింది."

సుగుణమ్మ ఏదో అడగబోయి చూసుకుంటే తనే సీట్లో ఉంది, చీర కుచ్చిళ్లు మోకాళ్ల కింద అదిమిపెట్టుకుని, చేతుల్లో స్టీరింగు. ఆయన గోడ పక్కన నిలబడి చిన్నగా, ఇంకా చిన్నగా అయిపోతున్నాడు. "మీరూ ఎక్కండి!" అని అరుస్తుంది. "నా చోటు ఇదేనే" అని చెయ్యి ఊపుతున్నాడు. "దీన్ని ఆపేదెట్టా?" అంటే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినపడలేదని నవ్వుతున్నాడు. ఏదైతే అదైందని ఆమె కాలు బలంగా నొక్కుతుంది.

పిక్క పట్టేసి మెలకువ వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిని అట్టా నడుం వాల్చిన మనిషి, కుడికాలు మంచం పట్టెకి ఆనించి, శక్తికొద్దీ తొక్కిపెట్టి ఉంది. పట్టె అచ్చు అరికాల్లో ఎర్రగా పడింది. బ్రేకు తొక్కానా, ఇంకోటి తొక్కానా అని కాసేపు ఆ కాలినే చూస్తూ కూర్చుంది.

కుంటుకుంటూ వరండాలోకి వస్తే మస్తాన్ దిగ్గున లేచి నిలబడ్డాడు. "ఏమైందమ్మా కాలికి? టీము సంగతి ఏం అనుకున్నారమ్మా?"

"ఏమీ కాలేదు, కూర్చో" అంది సుగుణమ్మ. "వచ్చే రేసుకి నేనూ వస్తా. మీ అయ్యగారు నిలబడేది ఎక్కడో నాకు చూపించు."