అత్తమ్మ గుంజని జడ

పెళ్ళిచూపుల్లో పిల్ల జడ గుంజి చూడటంలో మా అత్తమ్మ ఈశ్వరమ్మకు తాండూరు చుట్టుపక్కల పెద్ద పేరుండేది. బొట్టు పెడతానని దగ్గరికి పిలిచి, పూలు తురుముతున్నట్టే తురిమి, జడను ఒక్క గుంజు గుంజేది. సవరమైతే చేతికొచ్చేది, సంబంధం తప్పిపోయేది. బండి కొనేముందు మెకానిక్‌ను తీసుకుపోయినట్టు, చుట్టాలు పిల్లను చూడబోతూ ఆమెను వెంటపెట్టుకుపోయేవాళ్ళు.

అలాంటి మనిషి తొంభై ఒకటిలో నన్ను చూడటానికి ధారూర్‌లో రైలు దిగింది. అంతకు ఆర్నెల్ల ముందే టైఫాయిడ్ వచ్చి నా జుట్టు ముప్పాతిక దువ్వెన పాలైంది. మా అమ్మ కట్టిన సవరం ఎక్కడ జారుతుందోనని వంచిన తల ఎత్తలేదు. అందరూ సిగ్గనుకున్నారు. అత్తమ్మ పూలు పెట్టింది. ఆమె చెయ్యి జడ మీద కాసేపు ఆగింది. "జడ మంచిగుంది" అని చెయ్యి తీసేసింది. గుంజలేదు.

పోయిన జుట్టు మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి ముప్పై మూడేళ్ళు ఆ జడను కాపాడటమే నా ఉద్యోగం. ఆమె లేవకముందే లేచి, గది గడియ పెట్టుకుని, సవరం అల్లుకుని బయటికొచ్చేదాన్ని. మా ఆయన నర్సింహులుకు పెళ్ళైన వారానికే తెలిసింది. అమ్మకు మాత్రం చెప్పొద్దని అటు తిరిగి పడుకున్నాడు. ఆయన చేసిన సాయం అంతే. దొరికిపోతే అత్తమ్మ నన్నేమంటుందోనని కాదు నా భయం. మోసం చేసి పిల్లను అంటగట్టిందని మా అమ్మను అంటుంది. మా అమ్మ పోయాక ఆ భయం ఇంకా పెరిగింది. ఎదురు మాట్లాడటానికి ఇప్పుడు ఆమె కూడా లేదు.

ఈలోగా లోకంలో తలలు మారుతూనే ఉన్నాయి. అత్తమ్మ కాలంలో కొబ్బరికాయంత కొప్పు. ఆడబిడ్డల కాలంలో రిబ్బన్లతో మడిచి కట్టిన రెండు జడలు. నేను కాపురానికొచ్చాక నెత్తిమీద పఫ్ లేచింది, తర్వాత వీపున స్టెప్ కటింగ్ దిగింది. ఆపైన వికారాబాద్ పార్లర్లలో స్ట్రెయిటెనింగు, రంగులు. ప్రతిదానికీ అత్తమ్మ దగ్గర ఒక మాట తయారు. స్ట్రెయిటెనింగు చేయించుకున్న మేనకోడలిని చూసి జొన్నచొప్పకు ఇస్త్రీ చేసినట్టుందని అంది. పక్కనే నిలబడి నేనూ తలూపాను, సవరం కదలనంత మేరకు. ఆడదానికి జుట్టే మర్యాదని ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. అందరూ నెరిసిన జుట్టు దాచుకోవడానికి రంగు వేస్తారు. నేను సవరానికి జోడీ కుదరాలని వేసేదాన్ని.

మొన్న శుక్రవారం మా బిడ్డ దీక్షిత హైదరాబాద్ నుంచి వచ్చింది, జుట్టు చెవుల దాకా కత్తిరించుకుని. ఆదివారమే వికారాబాద్ నుంచి దాన్ని చూడటానికి వస్తున్నారు. రెండు రోజులు అత్తమ్మా నేనూ వంతులేసుకుని తిట్టాం. ఆదివారం పొద్దున వంటింట్లో అత్తమ్మ తేల్చేసింది, పిల్లకు సవరం పెట్టాల్సిందేనని. బజారుకు మనిషిని పంపిస్తానన్నాను. ఆమె కందిపప్పు చెరుగుతూ తలెత్తకుండానే అంది.

"కొత్తదెందుకు ప్రమీలా. నీది తీసి పెట్టరాదు."

పొయ్యి మీద చాయ పొంగిపోయింది. ఎప్పటి సంది తెలుసని ఎట్లాగో అడిగాను.

"ధారూర్ల పూలు పెట్టిననాడే. చేతికి తెల్వదా?"

మరెందుకు గుంజలేదంటే, చేట పక్కన పెట్టి చెప్పింది. ఆమె మొదటి పెళ్ళిచూపుల్లో కొడంగల్ వాళ్ళెవరో కొప్పు గుంజితే సవరం ఊడి వాళ్ళ చేతికి పోయిందట. పదిమందిలో నవ్వారట. ఆ కసితోనే ఊళ్ళో జడలన్నీ గుంజిందట.

"నీ కాడికి వచ్చేసరికి, అచ్చం నా లెక్కనే వణుకుతున్నవ్. చెయ్యి రాలే."

నాకు కళ్ళనీళ్ళు రావాల్సింది, కోపమొచ్చింది. ముప్పై మూడేళ్ళ తెల్లవారుజాములు కళ్ళముందు తిరిగాయి. ఒక్కనాడన్నా ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

"నువ్వు చెప్తవేమోనని చూసిన" అంది, చేట మళ్ళీ అందుకుంటూ.

సవరం విప్పి దీక్షితకు పెట్టాను. చెవుల దాకా ఉన్న జుట్టుకు అది నిలుస్తుందా? ఎన్ని పిన్నులు గుచ్చినా జారిపోయింది. మూడోసారి నేల మీద పడ్డాక దీక్షిత నవ్వి, తాను ఇట్లనే వస్తానని వెళ్ళిపోయింది. ఇంతలో వాకిట్లో కారు ఆగింది. మామయ్య, మా ఆయన ఎదురు వెళ్ళారు. సవరం వంటింటి గట్టు మీద పడేసి, నాలుగు వెంట్రుకలు ముడేసుకుని నేనూ పరిగెత్తాను. పెళ్ళైనప్పటి నుంచి మొదటిసారి సొంత తలతో నలుగురిలోకి వచ్చాను. ఎవరూ చూడలేదు. అందరి చూపూ పిల్లవాడి తల్లి జ్యోతిరాణి జడ మీదే ఉంది. నల్లగా, నడుము దిగి, ఒక్క వెంట్రుక చెదరకుండా ఉంది.

ఆమె దీక్షిత తలను తదేకంగా చూసింది. ఇక అయిపోయిందనుకున్నాను.

"మస్తుంది కటింగు. నాకూ గిట్ల కొట్టించుకోవాలనే ఉంటది. మా అత్తమ్మ ఒప్పుకోదు."

పోయేముందు అత్తమ్మ ఆమెను దగ్గరికి పిలిచి బొట్టు పెట్టింది, పూలు తురిమింది. చెయ్యి జడ మీద ఆగింది. జ్యోతిరాణి మెడ బిగుసుకుపోయింది. ఆ బిగుసుకోవడం నాకు తెలుసు.

"జడ మంచిగుంది" అని అత్తమ్మ చెయ్యి తీసేసింది.

జ్యోతిరాణి మెడ సడలింది. నేనామెను ఇంకో చాయ తాగి పోదురని వంటింట్లోకి పిలిచాను. గట్టు మీద నా సవరం పడేసినట్టే ఉంది. దాన్ని తీయకుండా, దాని పక్కనే ఆమెకు చాయ పెట్టాను.