విమానాలు మింగిన మాటలు

గురువారం ఉదయం తొమ్మిదీ నలభైకి సోల్వేయ్ కాఫీ యంత్రం మీట నొక్కి, ముందురోజు సంచుల్లో వచ్చిన పాత దుప్పట్లు మడవడం మొదలుపెట్టింది. పాతసామాన్ల కొట్టు పదింటికి తెరుస్తారు. ఊళ్ళో వైమానిక దళం స్థావరం, అందరూ వింగ్ అనేది, ఉన్న రోజుల్లో అది పారాచూట్లు మడిచే ఇల్లు. ఇరవై దాటిన వయసులో ఆమె నిలబడి పనిచేసిన పొడుగాటి బల్లల మీద ఇప్పుడు పింగాణీ కప్పులూ, మూతల్లేని గిన్నెలూ ఉన్నాయి. తడిసిన పారాచూట్లు ఆరేసే ఎత్తయిన గోపురంలో పాత కర్టెన్లు వేలాడుతున్నాయి.

"ఇవాళ మధ్యాహ్నమేగా లారీ?" అంది కొట్టు నడిపే ఊల్లా.

"ఎవరి లారీ?"

"అబ్బో, పాపం ఏమీ తెలీదు! హెన్నింగ్ లారీ. గాట్లాండ్ దీవిలో అక్క దగ్గరికి పోతున్నాడట."

"పోనీవే. పోయినసారి చెప్పకుండా పోయాడు. ఈసారి ఊరందరికీ చెప్పి పోతున్నాడు. బాగుపడ్డాడు."

"నవ్వులాట కాదు. అతను నీతో ఏమన్నాడో ఇంకా..."

గోపురం కింద నుంచి ఒక మగగొంతు వినిపించింది. "తొమ్మిదో నంబరు అంచు చిరిగింది, మార్చండి." అక్కడ ఎవరూ లేరు. ఊల్లా కప్పు గాల్లోనే ఆపి, గొంతు ఆగాక అదే మాట దగ్గర అందుకుంది. "...ఇంకా బయటికి రాలేదుగా?"

"ఈ వారమే రావాలి. అతను ఓడ ఎక్కాక వస్తే ఏం లాభం?" అంది సోల్వేయ్.

యుద్ధకాలంలో పైన్ చెట్లు కొట్టి ఆ వింగ్ కట్టిన నాటి నుంచీ విమానాలు ఆ ఊరి మాటలు మింగుతూ వచ్చాయి. ఇంజను మోత వస్తే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగి, మోత పోయాక మిగతా సగం చెప్పేవారు. ఆగకుండా మాట్లాడేవాళ్ళు కొత్తవాళ్ళు. వాళ్ళకి మర్యాదగా తలూపడం ఊరి అలవాటు. తర్వాత పార్లమెంటులో చెయ్యెత్తి వింగ్ మూసేశారు. చివరి విమానం ఊరి మీద రెక్కలాడించి వెళ్ళింది. వానలో జెండా దించారు. మరుసటి వసంతంలో, ఆ నిశ్శబ్దంలో, మింగిన మాటలు ఒక్కొక్కటే అన్నచోటే బయటికి రావడం మొదలైంది. పాతవి ముందు. మొదటి ఏడాదంతా యుద్ధకాలపు కాఫీ రేషన్ కూపన్ల మీద గొణుగుడు, రన్‌వే మీదికొచ్చిన దుప్పిని తిట్టిన తిట్లు. జెట్లు వచ్చిన కాలానికి మాటలు పెరిగాయి. చనిపోయిన రొట్టెలాయన పిండి గురించి ఎవరినో కేకలేస్తుంటే అతని భార్య గల్లా పక్కన నిలబడి విని, ఆ తర్వాతే చిల్లర ఇచ్చేది. ఇప్పుడు బయటికొస్తున్నవి డ్రాకెన్ జెట్ విమానాల కాలం చివరి మాటలు. ఎనభై ఒకటి, అక్టోబరు.

ఆ అక్టోబరులోనే, అప్పట్లో వింగ్‌లో పనిచేసే హెన్నింగ్ ఈ తలుపు దగ్గర నిలబడి ఏదో అడిగాడు. తలమీదుగా రెండు డ్రాకెన్లు లేచాయి. అతని పెదాలు కదలడం చూసి సోల్వేయ్ తలూపింది. అతను వెనుదిరిగాడు. ఆమె చేతిలో పారాచూట్ సగం మడతలో ఉంది. అది వదిలి కదలకూడదు. మడత ముగించి బయటికి వచ్చేసరికి అతను లేడు. వారం తర్వాత ఉత్తరాదికి బదిలీ అయ్యాడని తెలిసింది. ఆ తర్వాత ఆమెకు పెళ్ళీ అయింది, విడాకులూ అయ్యాయి. రెండేళ్ళ కిందట అతను రిటైరై ఈ ఊరికే వచ్చాడు. కనబడినప్పుడల్లా ఇద్దరూ వాతావరణం మాట్లాడుకున్నారు.

తలుపు తెరుచుకుంది. హెన్నింగ్ ఒక పెట్టె పట్టుకుని నిలబడ్డాడు.

"కప్పులు," అన్నాడు. "అక్కడ అక్కకి చాలా ఉన్నాయి."

"అక్కడ పెట్టు," అంది సోల్వేయ్.

"చలి పెరిగింది."

"అవును. గాలి కూడా."

అప్పుడు సరిగ్గా అతను నిలబడ్డ చోటి నుంచే, అతని పెదాలు కదలకుండా, పడుచు గొంతొకటి పలికింది. "సోల్వేయ్, నన్ను ఉత్తరాదికి రమ్మంటున్నారు. ఇక్కడ నాకున్నది నువ్వొక్కదానివే. వెళ్ళమంటావా?"

హెన్నింగ్ పెట్టె కింద పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదా నువ్వడిగింది?" అంది సోల్వేయ్.

"ఇదే. నువ్వు తలూపావు."

"ఊపానయ్యా! అందరికీ ఊపేదాన్ని. కమాండర్‌కి ఊపాను, చేపలమ్మే ఆయనకి ఊపాను. ఒకసారి దీనికి ఊపి దీని కుక్కని వారం రోజులు సాకాను."

"పది రోజులు," అంది ఊల్లా.

"ఆ సంగతి నాకెవరు చెప్పారు? ఆ వేసవిలోనేగా ఈ ఊరొచ్చాను," అన్నాడు హెన్నింగ్.

"దీనికి వినబడలేదేమో అనిపించలేదా నీకు?" అంది ఊల్లా.

"అనిపించింది. అక్కడ ఉత్తరాదిన, లూలియోలో రైలు దిగాక."

"మరి?"

"మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు."

"ఇరవయ్యేళ్ళా!" అంది సోల్వేయ్.

"వచ్చి రెండేళ్ళయింది కదా. అడుగుదామనుకున్న ప్రతిసారీ నువ్వు వాన గురించి ఎత్తేదానివి."

"ఎత్తింది నువ్వు! ఇప్పుడు కూడా ఎత్తింది నువ్వే!"

హెన్నింగ్ గడియారం చూసుకున్నాడు, ఆమెని చూశాడు. బయట ఆకాశం ఖాళీగా ఉంది. రన్‌వే మీద డ్రైవింగ్ స్కూలు కారు ఒకటి మెల్లగా వెనక్కి వెళ్తోంది.

"లారీ మధ్యాహ్నం వస్తుంది," అన్నాడు. "వెళ్ళమంటావా?"

సోల్వేయ్ మెడ బిగబట్టి, తల ఏమాత్రం కదలనివ్వకుండా చెప్పింది. "వద్దు. ఇటొచ్చి కాఫీ తాగు."

ఆ తర్వాత వాళ్ళేం మాట్లాడుకున్నారో ఊల్లా వినలేదు. పదయింది. దీపం షేడ్ కోసం ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు.

శుక్రవారం పొద్దున కొట్టు వెనక తలుపు దగ్గర పెద్ద ఆకుపచ్చ సోఫా కనబడింది. ఎవరిచ్చారో తెలియలేదు. సోమవారం లారీ డ్రైవరు కర్టెన్లు కొనడానికి వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టాడు. గురువారం హెన్నింగ్ ఇంటి సామానంతా తాళ్ళు బిగించి ఎక్కించాక, మొత్తం మళ్ళీ దింపించారనీ, సోఫా ఒక్కటి మాత్రం ఇక్కడ పడేసి పొమ్మన్నారనీ చెప్పాడు.

"మంచి సోఫానేగా, ఎందుకట?" అంది ఊల్లా.

"అది మీ సోల్వేయ్ గారికి నచ్చలేదట," అన్నాడు డ్రైవరు.