ఎడమ కొయ్యపాదం

తన చేతి జోడు తొడుక్కున్న మనిషి ముల్లోకాలూ తిరిగొచ్చినా కాలు జారి పడడని జోళ్ళ మేస్త్రి అనేవాడు. అని, తన చేతి జోడే తొడుక్కుని, అంగడి గడప తట్టుకుని బోర్లా పడేవాడు. వారానికొకసారైనా ఈ ముచ్చట జరిగేది. "తప్పు గడపది," అంటూ లేచి దుమ్ము దులుపుకునేవాడు. గడపకు నోరు లేదు కాబట్టి ఆ వాదన ఎప్పుడూ ఆయనే గెలిచేవాడు.

పొద్దున్నే ఆయన చేసే మొదటి పని, అలమారాలోని కొయ్యపాదాలు తుడవడం. జోడు కుట్టాలంటే ముందు మనిషి పాదాలను కొయ్యలో చెక్కుకోవాలి, ఆ కొయ్య మీద తోలు లాగి బిగించాలి. ఒకసారి చెక్కిన జతను మేస్త్రి పారేసేవాడు కాదు. పారేసే అవసరమూ లేదు. ఆ కొయ్యపాదాలు మనుషులతో పాటే మారేవి. పిల్లలవి పెరిగేవి, ముసలివాళ్ళవి కణుపులు తేలేవి, నిండు చూలాళ్ళవి ఉబ్బేవి. పై ఊళ్ళకు వెళ్ళిన పిల్లల తల్లులు కూరల సంచీతో దారిలో ఆగి, "మావాడి పాదాలెలా ఉన్నాయి మేస్త్రీ?" అని అడిగేవాళ్ళు. "బాగానే తింటున్నట్టున్నాడమ్మా," అనిపించుకుని స్థిమితపడి వెళ్ళేవాళ్ళు. రోజూ నడకకు వెళ్తున్నానని చెప్పే గుమాస్తాగారి భార్య వచ్చి, ఆయన కొయ్య మడమను బొటనవేలితో నొక్కి చూసి, "వెన్నలా ఉంది! నడకా, ఈయన మొహమా!" అని కొంగు దోపుకుని ఇంటికి బయల్దేరేది.

మేస్త్రికి ఒక్కర్తే కూతురు. ఈ మాట మనం సులువుగా అనేశాం గానీ ఆయన అనడు. ఆయన దృష్టిలో అది కొడుకు. ఆయన మనసు మారేదాకా ఆగితే కథ గడప దాటదు కాబట్టి, మనం మాత్రం కూతురనే అనుకుందాం.

కూతురు వేరే ఊళ్ళో, బస్టాండులో ఉండేది. విచారణ కిటికీ వెనక కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఎందుకు రాలేదో వచ్చినవాళ్ళకీ ఫోను చేసినవాళ్ళకీ చెప్పడం ఆమె ఉద్యోగం. ఇల్లు వదిలిన రోజున తండ్రి అరవలేదు, తిట్టలేదు. ఆమె తన సంగతి చెబుతున్నంతసేపూ చేతిలోని జోడు అడుగును ఆకురాయితో రాస్తూ కూర్చున్నాడు. చెప్పడం అయ్యేసరికి ఆ అడుగు కాగితమంత పల్చబడిపోయింది. "పనికిరాకుండా పోయింది," అన్నాడు. అన్నది జోడు గురించో, తన గురించో ఆమె అడగలేదు. పెట్టె పట్టుకుని వచ్చేసింది.

ఒంటిని ఆడతనంలోకి తెచ్చే మందు మొదలుపెట్టే ముందు డాక్టరమ్మ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"రెండో యవ్వనం అనుకో. మొదటిది మీ అమ్మ వండిపెడితే తింటూ గడిపేశావు. ఇది ఉద్యోగం చేసుకుంటూ గడపాలి. తొందరపెడితే వచ్చేది కాదు, ఏళ్ళు పడుతుంది. చర్మం మెత్తబడుతుంది. ఒంటి మీద వెంట్రుకలు నెమ్మదిస్తాయి. గడ్డం మొండిఘటం, దానికి వేరే వైద్యం. ఛాతీ సలుపుతుంది, లోపల మొలకెత్తుతోంది కదా మరి. కండబలం తగ్గుతుంది. ఏడుపు దగ్గరగా వస్తుంది కొందరికి. గొంతు మారదు, అది నువ్వే సాధన చేసుకోవాలి. ఎత్తు మారదు."

"పాదం మారుతుందా అండీ?"

డాక్టరమ్మ కలం ఆపింది. "ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. ఎముక మారదు. కాస్త సన్నబడిందనేవాళ్ళు ఉన్నారు, పుస్తకాలు గట్టిగా చెప్పవు. ఎందుకూ?"

"మాది జోళ్ళ ఇల్లండి."

"ఓహో. సరే, ఇంకో మాట. ముందు ముందు పిల్లలు కావాలనిపిస్తుందేమో ఇప్పుడే ఆలోచించుకో. తర్వాత కావాలన్నా వీలుపడకపోవచ్చు." ఆ మాటకు కూతురు లేచింది. బయటికెళ్ళి ఆస్పత్రి మెట్ల మీద చాలాసేపు కూర్చుని, మెట్లెక్కే తల్లులను, చంకల్లోని పిల్లలను చూసి, తర్వాత వచ్చి, మందు మొదలుపెట్టమని చెప్పింది.

"సిగరెట్టు?"

"మానేశానండి." ఇది అబద్ధం. రోజూ భోజనం అయ్యాక బస్టాండు వెనక గోడ దగ్గర ఒకటి కాల్చేది.

"మంచిది. ఈ మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. తక్కువే, కానీ ఉంది. ఒక కాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా, తర్వాత చూద్దాంలే అనుకోకుండా పరుగెత్తుకుని రా."

అలా మొదలైంది. మొదట్లో ఏమీ జరగలేదు. అద్దం దగ్గరికెళ్ళి రోజూ వెతుక్కోవడం చూసి, పక్క కిటికీలో టికెట్లిచ్చే అక్క, "పప్పు ఉడికిందా లేదా అని గంటగంటకీ మూత తీస్తే ఎప్పుడుడుకుతుందే?" అని వేళాకోళం చేసింది. తర్వాత ఒకరోజు తన చొక్కా విప్పుతూ కూతురు ఆగిపోయింది. చొక్కాలోంచి వచ్చే చెమట వాసన వేరే మనిషిది. పరాయిది కాదు, ఎప్పటినుంచో రావాల్సినది. సబ్బు కూడా ముట్టుకోకుండా ఆ చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత పచ్చడి సీసా మూత తిప్పలేకపోయి, అక్క చేతికిచ్చి, ఎంత సంతోషపడిందో. ఛాతీకి తలుపు తగిలి కళ్ళల్లో నీళ్ళు తిరిగినా ఆ నొప్పి ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. ఫోనులో మాత్రం జనం ఇంకా "సార్" అనేవాళ్ళు. కొన్నాళ్ళకు "హలో... మేడమా? సారా?" దాకా వచ్చారు. "ఏదైతేనేం గానీ మీ బస్సు ఇవాళ రాదు," అని చెప్పి ఫోను పెట్టేసేది.

అమ్మ అప్పుడప్పుడూ ఫోను చేసేది, మేస్త్రి అంగట్లో ఉన్నప్పుడు.

"అమ్మలూ, నీ కొయ్యపాదాలు సన్నబడుతున్నాయే. నేను చూశాను. మడమ దగ్గర ఎంత నున్నగా అయ్యాయో!"

"నాన్న చూశాడా?"

"చూడకేం? చూసి తోలుముక్కలు కోసి జిగురుపెట్టి అతికిస్తాడు. పాత కొలతకు తెచ్చేదాకా నిద్రపోడు. నాలుగు రోజులకు మళ్ళీ సన్నబడుతుంది, మళ్ళీ అతికిస్తాడు. నీ కాళ్ళతో పంతం పట్టాడు మీ నాన్న."

ఆ అతికించిన పాదాల మీద మేస్త్రి జోళ్ళు కుట్టేవాడు కూడా. మగపిల్లవాడి జోళ్ళు, గట్టి అడుగువి. ఉత్తరం లేకుండా, మాట లేకుండా, బస్సులో పంపించేవాడు. అవి ఆమెకు వదులు. ముందు దూది కుక్కుకుని మరీ వేసుకునేది. "కొత్తవి కొనుక్కోవచ్చుగా?" అని అక్క అంటే, "మా నాన్న కుట్టినవి," అనేది. ఆయన పంతం ఆయనది, ఆమె పంతం ఆమెది.

ఒకరోజు పొద్దున్న ఎడమ జోడు సరిగ్గా సరిపోయింది. ఆమె కూర్చుని చూసుకుంది. దూది తీసేసినా సరిపోయింది. పిక్కలో సన్నగా నొప్పి. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం, పట్టేసిందేమోలే అనుకుంది. మర్నాటికి అదే జోడు బిగుతైంది. పిక్క వేడిగా ఉంది. డాక్టరమ్మ మాట చెవిలో మోగింది. జోళ్ళ ఇంట్లో పుట్టిన పిల్ల, ఒక కాలే వాస్తే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఆస్పత్రికి వెళ్తే మందు ఆపేస్తారు. ఆపేస్తే మొలకెత్తినదంతా వెనక్కి పోతుందేమో. చొక్కాలో మళ్ళీ ఆ పాత వాసన వస్తుందేమో. జోడు తాడు వదులు చేసి, ఎడమ కాలు బల్లకిందికి దాచుకుని, "తర్వాతెవరండీ?" అంది.

మధ్యాహ్నం వేళ కిటికీ ముందు వరసలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. చెదిరిన జుట్టు, తోలు మరకల చేతులు, చంకలో గుడ్డమూట. వరస తప్పకుండా, తన వంతు వచ్చేదాకా నిలబడే వచ్చాడు.

"ఒరే..." అని ఆగిపోయాడు. గాజు వెనక ఉన్న మొహాన్ని చూస్తూ ఆ మాట పూర్తి చేయలేకపోయాడు. "కాలు చూపించు," అన్నాడు.

"నాన్నా, ఇక్కడికెందుకొచ్చావ్?"

మేస్త్రి మూట విప్పి కిటికీ అరుగు మీద పెట్టాడు. రెండు కొయ్యపాదాలు. కుడిదాని మీది అతుకులు పీకేసి ఉన్నాయి, అది సన్నగా, నున్నగా ఉంది. ఎడమది లావెక్కి నిగనిగలాడుతోంది. దాని మీద అతికించిన తోలుముక్కలు పగిలిన పెదవుల్లా విచ్చుకుని ఉన్నాయి.

వెనక నిలబడ్డ పెద్దమనిషి మెడ చాచి చూశాడు. "ఎడమదొక్కటే వాచిందా? అయితే ఇంకా మాట్లాడుతూ కూర్చున్నారేమిటి? ఆస్పత్రికి తీసుకెళ్ళండి." ఆయన వెనకావిడ, "మా బస్సు ఎక్కడికీ పోదులే అమ్మా, ముందు లే," అంది. అక్క అప్పటికే ఆటో పిలవడానికి పరుగెత్తింది.

ఆటోలో గతుకు వచ్చినప్పుడల్లా మేస్త్రి ఆమె ఎడమ కాలును రెండు చేతులతో పట్టుకుని ఉంచాడు, ఎండకు విరిగిపోయే తోలును పట్టుకున్నట్టు.

పరీక్ష చేశారు. తొడలో రక్తం గడ్డకట్టి ఉంది. డాక్టరమ్మ వచ్చి స్కాను బొమ్మ చూసి, మొదట ఆమెను, తర్వాత ముసలాయనను చూసింది.

"మీరు ఏమవుతారండీ?"

"మా పిల్లండి," అన్నాడు మేస్త్రి. ఆ మాట ఆయన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. అందరూ విన్నారు.

"ఈ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయుంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆలస్యం చేస్తే అదే జరగొచ్చు. మంచివేళకు వచ్చారు." డాక్టరమ్మ కూతురి వైపు తిరిగింది. "సిగరెట్టు మానలేదు కదూ?"

కూతురు తల దించుకుంది. "మందు ఆపేస్తారా?"

"ఇప్పటికి ఆపుతాం. రక్తం పల్చబరిచే మందు మొదలుపెడతాం. నువ్వు కోలుకున్నాక, రక్తం డాక్టరుతో మాట్లాడి, మాత్రలు కాకుండా చర్మానికి అంటించుకునే పట్టీలు చూద్దాం. వాటితో ఈ ప్రమాదం తక్కువ. కానీ సిగరెట్టు మాత్రం ఇక లేదు. ఇలా అందరికీ జరగదు, నీకు జరిగింది. దాచావు చూడు, అదే నాకు కోపం."

డాక్టరమ్మ వెళ్ళాక మేస్త్రి మంచం పక్కనున్న ఎత్తుపీట మీద కూర్చున్నాడు. దుప్పటి అంచు సర్దుతూ, "ఆ మందు పూర్తిగా మానేస్తే?" అన్నాడు.

"మానేసి బతకమంటే బతుకుతాను నాన్నా. అంతకుముందు అలాగే బతికాను. ఎలా ఉండేదో నీకు చెప్పలేదు, చెప్పినా తెలిసేది కాదు. రోజూ వేరేవాళ్ళ జోళ్ళు వేసుకుని నడిచినట్టుండేది. పుండ్లు పడ్డా ఎవరికీ చూపించే వీలు లేదు."

మేస్త్రికి మిగతాదేదైనా అర్థమయ్యేది కాదేమో. పుండు మాత్రం అర్థమైంది. జోడు సరిపోక కుంటుతూ వచ్చినవాడిని, నీ పాదానిదే తప్పు అని ఆయన ఏనాడూ తిట్టలేదు. జేబులోంచి కొలతల కాగితపు పట్టీ తీశాడు. వాచిన కాలు జోలికి పోకుండా, దుప్పటి తొలగించి, కుడి పాదం చుట్టూ వేశాడు. వేళ్ళ దగ్గర, నడిమి దగ్గర, మడమ దగ్గర చిన్న చిన్న చింపులు పెట్టాడు, గుర్తుకి.

"ఎడమది తగ్గాక అదీ తీసుకుంటాను," అన్నాడు. "అడుగు పల్చగా ఉండాలా, మడమ ఎత్తు ఉండాలా?"

"ఎత్తు వద్దు. ఇప్పటికే బస్సులో తల తగులుతోంది."

నవ్వబోయి ఆయన నవ్వలేదు. పట్టీని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"ఏంటి నాన్నా?"

"ఒకటుంది. చెప్పకపోతే ఆ జోడు కుట్టలేను." గోడ వైపు చూస్తూ మొదలుపెట్టాడు. "నేను చూసింది ఇవాళ కాదు. నిన్న పొద్దున్నే చూశాను. అంగడి తీసేసరికి నీ ఎడమ పాదం మీది తోలుముక్కొకటి ఊడి కిందపడుంది, కొయ్య లావెక్కింది. నేనేమనుకున్నానో తెలుసా? మందు మానేశాడు, మావాడు దారికొచ్చాడు అనుకున్నాను. కుడిది చేత్తో తీసి చూడలేదు. ముప్ఫై ఏళ్ళుగా అందరికీ చెప్పేవాణ్ణి, రెండూ వాస్తే అలసట, ఒకటి వాస్తే అది జోళ్ళవాడి పని కాదని. నాకే గుర్తు రాలేదు. గుర్తు చేసుకోబుద్ధి కాలేదు."

కూతురు దిండుకు ఆనుకుని లేచి కూర్చుంది.

"అంగడి మూసేశాను. మిఠాయి కొని వీధంతా పంచాను. ప్రతి గుమ్మం ఎక్కాను. రాత్రి మీ అమ్మ నోట్లో పెట్టబోతే మొహం తిప్పుకుంది, నాతో మాట్లాడలేదు. ఇవాళ తెల్లారాక, 'రెండోది చూశావా?' అంది. అప్పుడు చూశాను." మేస్త్రి పట్టీని మళ్ళీ విప్పాడు. "నీ కాలు అక్కడ వాస్తుంటే, నేనిక్కడ మిఠాయి పంచుకుంటూ తిరిగానే అమ్మాయ్. మిగిలినవి నేనే తిన్నాను. రుచిగా కూడా ఉన్నాయి."