హెరాల్డ్ గార్బట్ నడిపిన ట్రక్కు

లెన్ గార్బట్ తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో ట్రక్కు నడిపాడు. తుపాకీ పట్టినవాళ్ళకు విగ్రహాలు లేచాయి. వాళ్ళకు తిండీ తూటాలూ మోసినవాడికి కుంటి కాలు మిగిలింది. ఫ్రాన్సులో నార్మండీ పోరులో పక్కనే గుండు పడి కాలు విరిగి, నలభై నాలుగులో ఇంటికి చేరాడు హెరాల్డ్. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఇంగ్లండులో, లింకన్‌షైర్‌లో చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కూర్చున్నాడు. యుద్ధం సంగతి అడిగితే నోరు విప్పేవాడు కాదు. తాగినప్పుడు మాత్రం తన ట్రక్కు నంబరు చెప్పేవాడు, పోయిన బిడ్డ పేరు చెప్పుకున్నట్టు. ఆ నంబరు లెన్‌కు తన పెళ్ళిరోజు కన్నా బాగా గుర్తు.

అందుకే స్నేహితుడు కొలిన్ త్రోయర్ షెడ్డులో తుప్పు పట్టిన బెడ్‌ఫోర్డ్ ట్రక్కు బానెట్‌ను తడి గరుకు కాగితంతో రుద్దుతున్నప్పుడు లెన్ చెయ్యి ఆగిపోయింది. పాత సైనిక బండ్లు బాగుచేసే ఈ పిచ్చి పట్టినవాళ్ళు పాత రంగును గీకి పారెయ్యరు. ఉల్లిపొరలు వలిచినట్టు ఒక్కో పూతే తీస్తారు. సైన్యం అమ్మేశాక కొన్న రైతు పూసిన ఎరుపు పోయింది. దాని కింద సైన్యం వేసిన ఆకుపచ్చ, దాని కింద మట్టి రంగు, ఆ మట్టి రంగు మీద తెల్లటి అంకెలు. నాన్న నంబరు. లెన్ నేల మీద కూలబడి ఏడ్చాడు. తను పనిచేసే ఫ్యాక్టరీ మూసేసి అందర్నీ రోడ్డున పడేసిన రోజున కూడా ఏడవని మనిషి.

ట్రక్కు కొలిన్‌ది. ఎవరి పొలంలోంచో లాక్కొచ్చి పడేశాడు గానీ, అతని ప్రాణమంతా చక్రాలకు బదులు ఇనప గొలుసు ట్రాకుల మీద నడిచే, యుద్ధంలో సిపాయిలను మోసిన తన క్యారియర్ బండి మీదే. ఇద్దరూ చిన్ననాటి నుంచీ స్నేహితులు. మాట మీదే ఒప్పందం కుదిరింది. ట్రక్కు లెన్ తీసుకోవాలి, బదులుగా క్యారియర్ పని చేసిపెట్టాలి. నాలుగేళ్ళ పాటు ప్రతి శనివారం లెన్ ముందు కొలిన్ బండి ట్రాకులు బిగించి, పిన్నులు కొట్టి, వేళ్ళు చితక్కొట్టుకుని, ఆ మిగిలిన ఓపికతో తన ట్రక్కు దగ్గరికి పోయేవాడు.

నార్మండీ పోరుకు డెబ్బై ఏళ్ళు నిండిన వేసవిలో పాత సైనిక వాహనాల ప్రదర్శన పెట్టారు. ఊరేగింపులో ముందు వరస, యుద్ధంలో ఎవరు నడిపారో రుజువున్న బండ్లకే. లెన్ తలుపు మీద బోర్డు కట్టాడు: ‘డ్రైవర్ హెరాల్డ్ గార్బట్ నడిపిన ట్రక్కు.’ నాన్న పేరు ఒక్కసారి జనం చదవాలి. అతనికి కావలసింది అంతే.

బండ్లు పరీక్షించేవాడు రూపర్ట్ అలర్డైస్. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు. ఒక్క రోజు సైన్యంలో పని చేసిన పాపాన పోలేదు గానీ, నలగని మేజర్ దుస్తుల్లో వచ్చేవాడు. మేజర్ అని పిలిస్తే పలికేవాడు. ఆ మైదానం నిండా అలాంటి కర్నల్సే. సిపాయి వేషం వేసుకున్నవాడు వెతికినా కనపడడు.

అలర్డైస్ పట్టా పరుచుకుని, టార్చి పట్టుకుని ట్రక్కు కిందికి దూరాడు. చాకుతో ఏదో గీకిన చప్పుడు. చాలాసేపటికి బయటికొచ్చాడు.

“గార్బట్ గారూ, ఛాసిస్ నంబరు ఎప్పుడైనా చూశారా?”

చూడలేదు. బానెట్ మీద నాన్న నంబరు దొరికాక ఇంక చూడవలసింది ఏముంటుందనుకున్నాడు. అలర్డైస్ ఓపిగ్గా వివరించాడు. ఈ ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, తయారైంది నలభై అయిదులో. అప్పటికి హెరాల్డ్ ఇంట్లో మంచం మీద ఉన్నాడు. యుద్ధం అయ్యాక సైన్యం వర్క్‌షాపుల్లో ఏ బానెట్ చేతికొస్తే అది ఏ బండికో తగిలించేవాళ్ళు. బండి అంటే ఛాసిస్సే. బోర్డు తీసేస్తే వెనక వరసలో రానిస్తాం, అన్నాడు.

“ఛాసిస్‌కు రంగు ఎవరు వేశారో గానీ,” అన్నాడు చేతులు తుడుచుకుంటూ, “ఆ అంకెల మీద మాత్రం మందంగా మెత్తారు.”

రంగు వేసింది కొలిన్. నీకు నడుం వంగదు, నేను పడుకుని వేస్తాలే అని మొదటి నెలలోనే, అడక్కుండా వేసి పెట్టాడు.

కొలిన్ తన క్యారియర్ పక్కన బోల్టు బిగిస్తున్నాడు.

“నీకు తెలుసా?” అన్నాడు లెన్.

కొలిన్ తలెత్తలేదు. “తెలుసు. రంగు వేసిన రోజునే చూశా. చెప్దామనే అనుకున్నాన్రా. నువ్వేమో ఈల వేసుకుంటూ వచ్చేవాడివి. నీ మొహం చూశాక నోరు రాలేదు.”

“నా మొహం చూశావా, నీ ట్రాకులు చూసుకున్నావా?”

కొలిన్ స్పానరు తిప్పడం ఆపాడు. “రెండూ,” అన్నాడు.

అబద్ధం చెప్పినా బాగుండేదనిపించింది లెన్‌కు.

తన ట్రక్కు దగ్గరికి వెళ్ళి బానెట్ బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. అలర్డైస్ పరుగున వచ్చి, బానెట్ లేని బండిని వెనక వరసలోకి కూడా రానివ్వమని హెచ్చరించాడు.

“బండి అంటే ఛాసిస్ అని మీరేగా చెప్పారు, మేజర్ గారూ,” అన్నాడు లెన్. “ఆ బండి కొలిన్‌కి ఇచ్చెయ్యండి. ఇదొక్కటే మా నాన్నది.”

బానెట్ భుజాన వేసుకుని బస్సు కోసం రోడ్డున పడ్డాడు. దాని మీద అంకెలే ఉన్నాయి, పేరు లేదు. ఆ బరువుతో మైలు నడవక ముందే ఊరేగింపు అతన్ని అందుకుంది. రోడ్డుకు అటూ ఇటూ జెండాలు ఊపుతున్న జనం అతనూ వేషగాడే అనుకుని నవ్వారు. ముందు జీపులోని కర్నల్ టోపీ పెట్టుకున్నవాడు హారన్ కొట్టి, పక్కకు తప్పుకోమని చెయ్యి విసిరాడు. లెన్ గడ్డిలోకి దిగాడు.

కొలిన్ క్యారియర్ అతని పక్కన ఆగింది.

“ఎక్కరా లెన్. బండి బాగా పోతోంది. నీ చలవే.”

లెన్ బానెట్‌ను దించలేదు. వెనక నుంచి హారన్లు మోగాయి. కొలిన్ ఇంకాసేపు చూసి గేరు వేశాడు.

ట్రాకులు గీరిన తారు మీదికి ఎక్కి లెన్ మళ్ళీ నడిచాడు. బానెట్ అంచు ఎముకలో దిగుతుంటే భుజం మార్చుకున్నాడు. అంకెలున్న వైపు అతని చెంపకు ఆనింది. జనానికి తుప్పు పట్టిన వైపే కనపడింది.