బ్యాగుల దగ్గర మనిషి

నీళ్ళ సీసాలు నింపి, మూతలు బిగించి, ఒక్కొక్కటీ తలకిందులు చేసి కారడం లేదని చూసుకుంటూ సంచిలో పెడుతుంటే, భర్త హాల్లోంచి కేకేశాడు. "టోపీలు పెట్టావా?" పెట్టింది. టోపీలు, తువ్వాళ్ళు, దుప్పటి, పిల్లల మారుబట్టలు, కాలు బెణికితే రాసే మందు, తినేవాటి డబ్బాలు, అన్నీ పెట్టింది. అవన్నీ సర్దడానికి ఆదివారం కూడా అందరికంటే ముందే లేచింది. లేవడం కొత్త కాదు గానీ, ఇవాళ విసుక్కోకుండా లేచింది. ఎందుకంటే ఇవాళ ఆమె కూడా నడవబోతోంది.

వినడానికి ఇదేమంత గొప్ప సంగతి కాదు. ఊరి చివర నది ఒడ్డున పార్కు ఉంది. చెట్ల మధ్య నుంచి నీళ్ళ దాకా పోయే చిన్న చిన్న కాలిబాటలున్నాయి, దారి తప్పకుండా చెట్లకి పసుపు బాణాలున్నాయి. నెలకోసారి ఈ కుటుంబమూ, మరిది కుటుంబమూ కలిసి బస్సెక్కి అక్కడికి పోతాయి. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు. ఇన్నేళ్ళుగా పోతున్నా ఆమె ఆ నదిని చూడలేదు. నవ్వొస్తోందా? ఆమెకీ ఒక్కోసారి వస్తుంది. బాట మొదట్లో ఒక బెంచీ ఉంది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ నడవలేకపోయేవారు. ఇంత సామాను మోసుకుంటూ ఎవరూ నడవలేరు. "నువ్వున్నావుగా" అని భర్త బ్యాగులు బెంచీ మీద పడేసేవాడు. వెళ్ళినవాళ్ళు పొద్దు వాలేదాకా వచ్చేవారు కాదు. వచ్చాక "అబ్బ, కాళ్ళు పీకేస్తున్నాయి" అంటూ కూలబడేవారు. ఆమె మంచినీళ్ళు అందించేది. ఎంత దూరం నడిచారో పాపం అనుకునేది.

ఆమె పనిచేసే కళ్ళద్దాల దుకాణంలోనూ ఇదే భాగోతం. మధ్యాహ్నం అందరూ తినడానికి పోతే కౌంటర్ దగ్గర ఆమె. "నీకు ఆకలి తక్కువ కదా" అని యజమాని ఒకసారి తేల్చిపారేశాడు. ఆకలి తక్కువని ఆయన చెవిలో ఎవరు ఊదారో! ఆమె మాత్రం కాదని అనలేదు. ఇంట్లో కూడా అంతే. "మా ఆవిడకి నడకంటే పడదు" అని భర్త ఎవరితోనో అన్నాడు, అది ఊరంతా పాకి చివరికి ఆమె స్వభావమై కూర్చుంది.

అత్తగారు చెడ్డ మనిషి కాదు. బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నప్పుడు ఒకసారి ధైర్యం చేసి, "అత్తయ్యా, ఒక్కసారి వెళ్ళి చూసొస్తాను" అంది. "నది ఎక్కడికి పోతుందమ్మా, పిల్లలు పెద్దయ్యాక తీరిగ్గా చూద్దువుగాని" అన్నారు ఆవిడ. ఈ ఏడాది మొదట్లో అత్తగారు పోయారు. ఆమె నిజంగానే ఏడ్చింది. కానీ ఏడుస్తున్నప్పుడే ఎక్కడో మూల నుంచి ఒక ఆలోచన తొంగి చూసింది: ఇక నేనూ నడవొచ్చు. ఛీ, ఏం మనిషిని నేను అని తనని తానే తిట్టిపోసుకుంది. తిట్టుకున్నా ఆ ఆలోచన పోలేదు. ఆవిడ పోయాక పార్కుకి రావడం ఇదే మొదటిసారి.

పార్కులో భర్త యథాప్రకారం బ్యాగులు బెంచీ మీద పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"ఇవాళ నేనూ వస్తాను" అంది ఆమె.

తోడికోడలు కళ్ళు పెద్దవి చేసింది. "అదేంటక్కా! నీకు నడకంటే పడదుగా?"

"మరి ఇవన్నీ?" అన్నాడు భర్త.

"తలా ఒకటి తగిలించుకుంటే సరి."

అతను పకపకా నవ్వాడు. "నడవడానికొచ్చామా, మోయడానికా?" బస్సు దిగిన చోటు నుంచి ఇక్కడిదాకా అందులో సగం ఎవరు మోశారో అతనికి గుర్తుకు రాలేదు. కాసేపు అటూ ఇటూ చూశాడు. కొడుకు అప్పటికే బాట మీద పరిగెడుతున్నాడు. "పాప ఉంటుందిలే. పన్నెండేళ్ళొచ్చాయి. అలవాటవ్వాలి కదా."

పాప నాన్నవైపు చూసింది, అమ్మవైపు చూసింది. తలూపి బెంచీ మీద కూర్చుంది.

ఆమె వద్దనలేదు. అనాల్సింది. కానీ పాదాలు అప్పటికే పసుపు బాణం వైపు తిరిగిపోయాయి.

బాట మెత్తగా ఉంది. ఎండుటాకులు కాళ్ళకింద కరకరలాడుతున్నాయి, ఎక్కడిదో తడిమట్టి వాసన వస్తోంది. భర్త ముందు నడుస్తూ ఆ అడవంతా తనే నాటించినట్టు చెట్లని చూపిస్తున్నాడు. మొదట ఆమెకి ఒళ్ళంతా తేలికైపోయింది. తర్వాత ఒక్కొక్కటే గుర్తు రావడం మొదలైంది. పాప చెప్పులు విప్పి చెట్లలో పరిగెత్తే పిల్ల. నిన్న సాయంత్రం నుంచీ ఈ నడక గురించే మాట్లాడింది. ఉంటావా తల్లీ అని దాన్ని ఎవరూ అడగలేదు. నాన్న అడగలేదు సరే, అమ్మ మాత్రం అడిగిందా? నా చోటు ఖాళీ చేసి నా కూతుర్ని కూర్చోబెట్టి వచ్చాను అనుకుంది.

"మడమ పట్టేసింది, మీరు వెళ్ళండి" అని ఆగిపోయింది.

"నేను చెప్పలా?" అన్నాడు భర్త మరిదితో. వాళ్ళు మలుపు తిరిగి వెళ్ళిపోయారు.

వెనక్కి వచ్చేసరికి పాప దుప్పటి పరిచి, సీసాలు వరసగా నిలబెట్టి, డబ్బాల మీద చీమలు పాకకుండా తువ్వాలు కప్పి కూర్చుని ఉంది. ఇవన్నీ దానికి ఎవరూ నేర్పలేదు.

"అప్పుడే వచ్చేశావా? నీళ్ళ దాకా వెళ్ళావా?"

"ఆ."

"చెక్క వంతెన దాటావా?"

"దాటాను."

"అక్కడ వంతెనేం లేదమ్మా" అంది పాప మెల్లగా. "నా కోసం వచ్చేశావు కదూ? నువ్వెళ్ళు. నాకు నడవడం అంత ఇష్టం లేదులే."

ఆ మాట అంటున్నప్పుడు దాని ముఖంలో ఒక్క గీతైనా కదల్లేదు. అంత చక్కగా అబద్ధం ఆడింది.  ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పాప ఏం చెయ్యాలో తెలియక అమ్మ వీపు నిమురుతూ కూర్చుంది. ఆ ఏడుపు తగ్గేసరికి చెట్ల నీడలు సాగిపోయాయి.

"లే" అంది ఆమె ముఖం తుడుచుకుని.

"మరి బ్యాగులు?"

"ఉండనీ."

సగం దారిలో మిగతావాళ్ళు ఎదురొచ్చారు. భర్త ఆగిపోయాడు. "ఇద్దరూ వచ్చేస్తే ఎలా? బస్సు టైమవుతోంది. పదండి పదండి, వచ్చే నెల చూద్దువుగాని. నది ఎక్కడికి పోతుంది?"

"మీరు బస్సెక్కండి. మేం తర్వాతి దాంట్లో వస్తాం."

"మరి ఆ సామానంతా?"

"బెంచీ మీదుంది" అంది ఆమె. పాప చెయ్యి పట్టుకుని అతని పక్కనుంచి ముందుకి నడిచింది. వెనక అతను ఇంకా ఏదో అంటున్నాడు.

ఇందాక తను ఆగిపోయిన మలుపు వచ్చింది. అది దాటగానే చెట్లు అయిపోయాయి, నేల పల్లంలోకి దిగింది, ఎదురుగా నది. వెడల్పుగా, మట్టి రంగులో, పెద్ద చప్పుడేం లేకుండా పోతోంది. ఆమె వెనక్కి తిరిగి వచ్చిన దారి చూసింది. బకెట్టుడు బట్టలు ఆరేసేంత సేపు కూడా పట్టలేదు. వీళ్ళంతా ఇక్కడికొచ్చి పొద్దువాలేదాకా గట్టు మీద కూర్చునేవాళ్ళన్నమాట. ఆమెకి అత్తగారు గుర్తొచ్చారు. చెయ్యి పట్టుకుని, మధ్యలో ఆగుతూ ఆగుతూ తీసుకొస్తే ఆవిడా రాగలిగేవారు. ఇద్దరూ చూసి ఉండేవారు. ఆవిడ చూడకుండానే పోయారు.

"ఇంత దగ్గరా!" అని గడ్డిలో కూలబడింది ఆమె.

పాప పక్కన కూర్చుని అమ్మ ముఖంలోకి చూసింది.

"ఎంత దూరం అనుకున్నావమ్మా?"